ఫెయిర్‌ఫాక్స్‌లో హైస్కూలు ఎంపిక గురించి మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వేసవిలో ఫ్రిస్కో నుంచి వర్జీనియాకు మారుతున్నామనీ, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఏ హైస్కూలు పరిధిలో (ఇల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టే స్కూలు కేటాయిస్తారు కదా) ఇల్లు తీసుకుంటే మంచిదో చెప్పమనీ రాశావు. నువ్వు పంపిన పట్టికలో స్కూళ్ళ పేర్లూ, వాటి పక్కన పదికి ఇన్ని అంటూ రేటింగులూ తప్ప మరేమీ లేవు. ఆ అంకెలను కొట్టిపారెయ్యమని అనను కానీ, వెతకడం వాటితో మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

మీ వైపు ఒక్క కాలిన్ కౌంటీలోనే ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీ అంటూ వేర్వేరు స్కూలు డిస్ట్రిక్టులు, వేర్వేరు బోర్డులు, వేర్వేరు పన్నులు ఉన్నాయి కాబట్టి, అక్కడ స్కూళ్ళను పోల్చడమంటే చాలావరకు యాజమాన్యాలను పోల్చడమే. ఫెయిర్‌ఫాక్స్‌లో కౌంటీ మొత్తానికీ ఒకే బోర్డు, ఒకే జీతాల స్కేలు, ఒకే పాఠ్యప్రణాళిక. లాంగ్లీలో లెక్కలు చెప్పే టీచరుకూ హెర్న్‌డన్‌లో చెప్పే టీచరుకూ అర్హత, అనుభవం సమానమైతే జీతమూ సమానమే. అయినా రేటింగుల్లో అంత దూరం కనిపిస్తోందంటే, అందులో పెద్ద భాగం ఆ పరిధిలో కాపురముంటున్న కుటుంబాల ఆదాయం నుంచీ, తల్లిదండ్రుల చదువు నుంచీ, ఇంగ్లీషు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లల సంఖ్య నుంచీ వస్తుంది. లాంగ్లీ పరిధిలోని గ్రేట్ ఫాల్స్‌లో ఇళ్ళ ధరలు ఒకసారి చూడు, నీకే బోధపడుతుంది.

అంకెలే కావాలంటే రాష్ట్ర విద్యాశాఖ ప్రతి స్కూలుకూ ప్రచురించే స్కూల్ క్వాలిటీ ప్రొఫైల్ తెరిచి చూడు. ఎస్ఓఎల్ (స్టాండర్డ్స్ ఆఫ్ లెర్నింగ్) అనే రాష్ట్ర పరీక్షల ఫలితాలు అందులో విద్యార్థుల వర్గాలవారీగా ఉంటాయి. మొత్తం ఉత్తీర్ణత శాతాన్ని పక్కనపెట్టి, ఒకే వర్గం పిల్లలు రెండు స్కూళ్ళలోనూ ఎలా చదువుతున్నారో పోల్చు. అక్కడే, బడిదినాల్లో పదో వంతు లేదా అంతకంటే ఎక్కువ మానేసిన పిల్లలు ఎంతమంది అన్నదీ కనిపిస్తుంది. స్కూలు వాతావరణం గురించి మార్కులు చెప్పని సంగతులు ఈ ఒక్క అంకె చెబుతుందని నా నమ్మకం.

స్కూలుకూ స్కూలుకూ నిజంగా తేడా ఉండేది కోర్సుల్లో. చాంటిల్లీ, వెస్ట్‌ఫీల్డ్, ఓక్టన్, లాంగ్లీ వంటివి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ), అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సులు చదివే బాటలో నడుస్తాయి; రెస్టన్‌లోని సౌత్ లేక్స్, బర్క్ వైపున్న రాబిన్సన్ ప్రధానంగా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూళ్ళు. ఐబీ డిప్లొమా రెండేళ్ళ సంపూర్ణ కార్యక్రమం. సుదీర్ఘ వ్యాసం రాయాలి, జ్ఞానసిద్ధాంతం చదవాలి, సేవా కార్యక్రమాల్లో పాల్గొనాలి. రాయడమంటే ఇష్టమున్న పిల్లలు అందులో వికసిస్తారు. మీ వాడికి లెక్కలూ ఫిజిక్సూ తప్ప మరేదీ పట్టదంటున్నావు కాబట్టి, నచ్చిన సబ్జెక్టులను విడివిడిగా తీసుకునే వీలున్న ఏపీ పద్ధతే వాడికి నప్పుతుందేమో. కేటలాగులో పేరున్న ప్రతి కోర్సూ ప్రతి ఏడూ నడవదు. చేరేవాళ్ళు చాలకపోతే ఆగిపోతుంది. అందుకని కౌన్సెలర్‌ను అడగవలసింది ఏ కోర్సులున్నాయని కాదు, ఏపీ ఫిజిక్స్-సి, ఆ పైన మల్టీవేరియబుల్ కాల్క్యులస్ ఈ ఏడు ఎన్ని సెక్షన్లు నడుస్తున్నాయని. తమ కోర్సుల గురించి స్కూలు కాలేజీలకు పంపే పత్రం, అంటే స్కూల్ ప్రొఫైల్, దాని ప్రతినీ అడిగి తీసుకో. అడ్మిషన్ అధికారులు పిల్లవాడిని వాడి స్కూల్లో అందుబాటులో ఉన్న అవకాశాలతో కలిపి చూస్తారు కాబట్టి, మంచి పేరున్న చోట ఇరుక్కుని మధ్యరకంగా మిగలడం కంటే, కాస్త తక్కువ పేరున్న చోట అక్కడి కఠినమైన కోర్సులన్నీ చదివి నెగ్గుకురావడం ఏ విధంగానూ తీసిపోదు.

పరిధి దాటితే అవకాశాలు పూర్తిగా పోతాయనుకోకు. చాంటిల్లీ హైస్కూలులోని స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) అకాడమీకి ఇతర స్కూళ్ళ పిల్లలు కూడా రోజులో కొంతసేపు వెళ్ళి చదువుకోవచ్చు. ఐబీ లేని స్కూలు నుంచి ఐబీ ఉన్నచోటికి బదిలీ కోరవచ్చు, కానీ పిల్లలు కిక్కిరిసిన స్కూళ్ళు బదిలీలు తీసుకోవు, దించి రావడం తల్లిదండ్రుల బాధ్యతే అవుతుంది.

ఇక మనవాళ్ళు ఏ ఫంక్షన్‌లో కలిసినా మాట్లాడుకునే టీజే, అంటే పోటీలో ఎంపికైతేనే చేరగలిగే థామస్ జెఫర్సన్ సైన్స్ అండ్ టెక్నాలజీ హైస్కూలు. 2020 అక్టోబరులో బోర్డు అక్కడ ప్రవేశ పరీక్షను తీసేసి, డిసెంబరులో ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూలు ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి సీట్లు కేటాయించింది. దానిపై నడిచిన వ్యాజ్యాన్ని చేపట్టడానికి సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో నిరాకరించింది. మీవాడు ఇక్కడ ఎనిమిదిలోనే చేరతాడు కాబట్టి దిగగానే దరఖాస్తు పని చూసుకోండి. కానీ ఇల్లు మాత్రం టీజే అనేదే లేదనుకుని ఎంచుకోండి.

స్కూలు పరిధుల సరిహద్దులు శాశ్వతం కావు. వాటిని ఐదేళ్ళకోసారి సమీక్షించాలని బోర్డు 2024లో విధానం మార్చుకుంది. 2025లో హెర్న్‌డన్ దగ్గర కింగ్ అబ్దుల్లా అకాడమీ ప్రాంగణాన్ని కొన్నది కౌంటీ పశ్చిమభాగంలో కొత్త హైస్కూలు కోసమే. కేవలం పరిధి పేరు చూసి ఎక్కువ ధర పెట్టేవాళ్ళు ఈ సంగతి ఆలోచించరు.

చిరునామా విషయంలోనూ జాగ్రత్త. పోస్టల్ చిరునామాలో ఫాల్స్ చర్చ్ అని ఉన్న ఇళ్ళు ఎన్నో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి చెందినవే. ఆ పేరుగల నగరానికి మాత్రం సొంత స్కూలు వ్యవస్థ ఉంది. ఇళ్ళ ప్రకటనల్లో రాసిన స్కూలు పేరును నమ్మకుండా, లీజు మీద సంతకం చేసేముందు కౌంటీ వారి సరిహద్దుల పేజీలో ఇంటి నంబరుతో సహా వెతికి చూసుకోండి. రెండు మూడు ఇళ్ళు ఖాయమయ్యాక ఆ చిరునామాలు నాకు పంపితే, బడి వదిలే వేళకు ఆ స్కూళ్ళ దగ్గరికి వెళ్ళి, ఇంటికి ఎంతసేపు పడుతుందో చూసి రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య