నొప్పి లేనప్పుడే వెళ్ళు బుజ్జీ

బుజ్జీ,

నిన్న నీ మెసేజ్ చూశా, నిజాంపేటలో సందుకో డెంటల్ క్లినిక్ ఉంది పెద్దమ్మా, ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీట్లేదు, అందరూ దోచేస్తారనిపిస్తోంది అని. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్పే అలవాటు నాది, నీకు తెలుసుగా, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

బ్యాంకులో 34 ఏళ్ళు చేశా, ఎనిమిది ట్రాన్స్‌ఫర్లు. తెనాలి, నరసరావుపేట, ఖమ్మం, హన్మకొండ, ఇలా ఎక్కడికి వేస్తే అక్కడికి. కొత్త ఊళ్ళో దిగగానే ముందు ఇల్లు, తర్వాత పాలు పోసేవాడు, ఆ తర్వాత పళ్ళ డాక్టరు. మీ తాతయ్య నుంచి నాకు పొలం రాలేదు గానీ ఆయన పళ్ళు మాత్రం వచ్చాయి. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట వినొచ్చు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. నీకు ఇంకా నొప్పి మొదలవలేదు, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది అంతేగా, అయితే ఇదే టైము, ఈ వారమే వెతుక్కో. ఏ కష్టమైనా పంటి బిగువున ఓర్చుకోమంటారు పెద్దవాళ్ళు, పన్నే నొప్పెడితే ఇంక దేన్ని బిగిస్తాం చెప్పు. రాత్రి రెండింటికి దవడ పట్టుకుని కూర్చున్నదానికి పొద్దున్నే ఎవరు షట్టర్ తీస్తే వాళ్ళే దేవుడు, ఎంత చెబితే అంత, ఏం చేస్తానంటే అది. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయయితేనేం అన్న సామెత అలాంటి రాత్రే పుట్టుంటుంది.

అందుకని ముందు ఒక చిన్న పని పెట్టుకుని వెళ్ళు, క్లీనింగ్ చాలు. గార తీయించుకుంటే పళ్ళు వదులైపోతాయని మీ అత్తగారు అంటారేమో, అదేం కాదు, పళ్ళ మధ్య ఇన్నేళ్ళూ పేరుకున్న గార పోయేసరికి ఖాళీలు బయటపడి అలా అనిపిస్తుంది, కొన్నాళ్ళు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. ఆ అరగంట కుర్చీలో ఉన్నంతసేపూ నువ్వు డాక్టర్ని చూడు. సామాను సీలు వేసిన పౌచ్‌లోంచి నీ ఎదురుగా తీశారా లేక ట్రేలో అప్పటికే పడున్నాయా, గ్లోవ్స్ మార్చారా, నోట్లో ఏదైనా కనపడితే అద్దం పట్టుకునో ఫొటో తీసో నీకు చూపించారా. మా హన్మకొండ డాక్టరు నోరు చూస్తూ తనలో తాను మాట్లాడుకునేవాడు, ఇక్కడ ఒక నల్ల గీత ఉందమ్మా, ఇప్పుడేం చెయ్యక్కర్లేదు, ఆర్నెల్ల తర్వాత చూద్దాం అని. ఆ చూద్దాం అనే మాట విన్నానంటే నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ మాటకి ఆయనకి రూపాయి రాదు.

ఇప్పుడు నా పాత కథ ఒకటి. ఆఖరి పోస్టింగు హైదరాబాదే కదా, అప్పుడు ఒక క్లినిక్ కెళ్ళా, పేరెందుకులే, బోర్డు నిండా లైట్లు, లోపల కాఫీ మెషీను, చెకప్ ఫ్రీ అన్నారు, ఎక్స్‌రేకి మాత్రం డబ్బులు తీసుకున్నారు. డాక్టరు రెండు నిమిషాలు చూశాడో లేదో, తర్వాత టై కట్టుకున్న కుర్రాడొకడు పక్క గదిలో కూర్చోబెట్టి లాప్‌టాప్ తిప్పి మొత్తం ఎనిమిది పిప్పిపళ్ళు మేడమ్, నాలుగు రూట్ కెనాల్స్, క్యాపులతో కలిపి 86 వేలు, ఇవాళే అడ్వాన్స్ కడితే 20 శాతం తగ్గిస్తాం, ఈఎంఐ కూడా ఉంది అన్నాడు. రూట్ కెనాల్ అంటే పంటి లోపల చెడిన నరం తీసేసి వేర్లు నింపడం, క్యాపంటే పంటి మీద వేసే తొడుగు. పంటికి ఇవాళో రేటు రేపో రేటు ఏంటి, ఇదేమన్నా కందిపప్పా. సంతకం పెట్టకుండా ఎక్స్‌రే కాపీ, ఎస్టిమేట్ కాగితం అడిగి తీసుకుని వచ్చేశా, కాపీ ఇవ్వడానికి కాస్త గొణిగారు గానీ డబ్బులు కట్టిన ఎక్స్‌రే మనది, అడిగి తీసుకోవాల్సిందే.

ఆ కాగితం మీద పళ్ళకి నంబర్లుంటాయి, అవి చదవడం నేర్చుకో, బాగా పనికొస్తుంది. నీ కుడివైపు పైన ఒకటో భాగం, ఎడమ పైన రెండు, ఎడమ కింద మూడు, కుడి కింద నాలుగు, ముందు పన్ను దగ్గర్నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క. అంటే 36 అంటే ఎడమ కింద ఆరో పన్ను, పెద్ద దవడ పళ్ళలో మొదటిది. 48 అంటే కుడి కింద చిట్టచివరి జ్ఞానదంతం. ఇక రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్స్‌రే చూపించు గానీ ఆ ఎస్టిమేట్ మాత్రం బ్యాగులోనే ఉంచు. మొదటాయన ఏం చెప్పాడని అడిగినా, మీరు చూసి చెప్పండి సార్ అను. ఆయన తన నంబర్లు చెప్పాక నువ్వు నీ కాగితం తీసి పోల్చుకో. నేనలా చేస్తే ఎనిమిదిలో కలిసినవి రెండే, ఆ రెండిటికీ సిమెంట్ పెడితే సరిపోయింది, మిగతావి మరకలు. ఆ మిగిలిన ఆరు పళ్ళతోనే ఇప్పటికీ మురుకులు తింటున్నా.

అలాగని ప్రతి డాక్టర్నీ దొంగని చూసినట్టు చూడకు. ఈ సంగతి మీ అమ్మక్కూడా చెప్పలేదు. హన్మకొండ డాక్టరు అన్నానే, ఆయన దగ్గరికి ఎడమ కింద దవడ పన్ను నొప్పని వెళ్ళా, మందులు రాసిచ్చి రూట్ కెనాల్ చెయ్యాలమ్మా, నాలుగు రోజులాగి రా అన్నాడు. నాలుగు రోజుల్లో నొప్పి పూర్తిగా పోయింది. నొప్పే లేకపోతే రూట్ కెనాల్ దేనికి, ఈయన కూడా వేలకి వేలు గుంజే రకమే అనుకుని ఇంక వెళ్ళలేదు. నొప్పి పోయింది పన్ను బాగై కాదు, లోపల నరం చచ్చిపోయి. ఏడాది తిరిగేసరికి సరిగ్గా భోగి నాడు దవడ గుమ్మడికాయలా వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడానికి లేదు, చివరికి పన్ను పీకించుకోవాల్సొచ్చింది. ఆయన మొదటి రోజే ఎక్స్‌రేలో వేరు కొస దగ్గర నల్లటి మచ్చ వేలు పెట్టి చూపించాడు తెలుసా. ఈ టై కుర్రాడు చూపించింది ఏంటి, రేటు. రెండిటికీ తేడా అప్పట్లో నాకు తెలీలేదు.

ఇంకో పక్క మరీ చవగ్గా చేసేవాళ్ళున్నారు, వాళ్ళతో వేరే బాధ. ఒకచోట ఎక్స్‌రే లేకుండా రూట్ కెనాల్ కానిచ్చేశారు, తక్కువలో అయిపోయిందని నేనూ సంబరపడ్డా, రెండేళ్ళకి అదే పన్ను మళ్ళీ తవ్వించుకోవాల్సొచ్చింది, అది మొదటిదానికన్నా కష్టం, ఖర్చూ ఎక్కువే. మొదలుపెట్టే ముందో ఎక్స్‌రే, పని మధ్యలో వేరు పొడవు చూసుకోవడానికి ఎక్స్‌రేనో చిన్న మెషీనో, నింపేశాక ఇంకోటి, ఇవి లేకుండా చేస్తామంటే లేచి వచ్చెయ్. క్యాపులో మాత్రం డబ్బు మిగుల్చుకోవచ్చు. అన్నిటికన్నా చవక మెటల్, దానికన్నా ఖరీదు మెటల్‌కి సిరామిక్ కలిపింది, ఇంకా ఖరీదు జిర్కోనియా, అంటే పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్. నవ్వితే కనపడని వెనక దవడ పంటికి మెటల్ పెట్టించుకున్నా గట్టిగానే ఉంటుంది, నాకు అదే ఉంది. అసలు ఆ మూడు రకాలూ చెప్పి మూడు రేట్లూ చెప్పకుండా నేరుగా జిర్కోనియా అనేవాళ్ళని, మెటల్ పెడితే ఏమవుతుందండీ అని అమాయకంగా అడుగు, జవాబులో మనిషి తెలిసిపోతాడు. ఒకవేళ జిర్కోనియానే వేయించుకుంటే వారంటీ కార్డు అడిగి పుచ్చుకో.

ఎవర్నడగాలంటావా. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు, అందులో సగం వాళ్ళ బావగారి క్లినిక్కే. గ్రూపులో కాదు, లిఫ్టు దగ్గర అడుగు. అదీ మంచి డెంటిస్టు ఎవరు అని కాదు, మీరు రూట్ కెనాల్ ఎవరితో చేయించుకున్నారు, ఎన్నేళ్ళయింది, ఇప్పుడు ఆ వైపు నమలగలుగుతున్నారా అని. బాబుని చూపించే పిల్లల డాక్టర్ని, మీ ఇంట్లో వాళ్ళని ఎక్కడికి పంపుతారు సార్ అని అడుగు. అన్నిటికన్నా మంచి దారి ఇంకోటుంది, ఖమ్మంలో మా పక్కింటాయన డెంటల్ ల్యాబులో క్యాపులు చేసేవాడు, ఊళ్ళో ఏ డాక్టరు పంటి అచ్చు శుభ్రంగా తీసి పంపుతాడో ఎవరు హడావిడిగా అంటగడతారో ఆ ల్యాబు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అలాంటివాళ్ళు నీకు తారసపడితే వదలకు. గూగుల్లో ఐదు స్టార్లు చూసి మురిసిపోకు, మూడు స్టార్లవి చదువు, కోపంగా రాసినవాళ్ళకి క్లినిక్ ఏమని జవాబిచ్చిందో చదువు.

బోర్డు మీద బీడీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ చదువు, ఎండీఎస్ అంటే ఆ పైన ఇంకో మూడేళ్ళు ఒకే విభాగంలో. మామూలు పనులకి మంచి బీడీఎస్ డాక్టరు చాలు. అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం తీయించాలన్నా, క్లిప్పులు వేయించాలన్నా చేసేది ఆ విభాగంలో ఎండీఎస్ చదివినవాళ్ళేనా, రోజూ ఉంటారా లేక క్లినిక్కి వారానికోసారి వస్తారా, ఏదైనా అయితే మర్నాడు ఎవరు దొరుకుతారు అని అడుగు. రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి, అది లేని చోట కూర్చోకు.

డబ్బుకి మరీ ఇబ్బందైతే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గర గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, నువ్వు జేఎన్టీయూ దగ్గర మెట్రో ఎక్కితే మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి. చేసేది స్టూడెంట్లూ పీజీలూ, పైన సార్లు వచ్చి చూస్తుంటారు, అందుకే నెమ్మది, ఒక్కో పనికి మూడు నాలుగు సార్లు తిరగాలి, నీకు సెలవులు దొరుకుతాయా అన్నదే ప్రశ్న. ఏమీ చేయించుకోకపోయినా రెండో మాట వినడానికి మంచి చోటు, నీకు క్యాపు అమ్మాల్సిన అవసరం అక్కడెవరికీ లేదు. కంపెనీ ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకు, యాక్సిడెంటైతే తప్ప పళ్ళ ఖర్చు చాలా పాలసీల్లో రాదు, అయినా హెచ్‌ఆర్‌ని ఒకసారి అడుగు.

అల్లుడి సంగతి మర్చిపోయేదాన్ని. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాడు, పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు ఫ్లోరైడ్‌వి, పుచ్చు కాదు. కొత్త క్లినిక్‌లో అవి చూపించి ముందు పళ్ళన్నిటికీ క్యాపులు వేస్తామంటే, అందం కోసం కావాలనుకుంటే అతనిష్టం, జబ్బని చెప్పి మాత్రం వేయనివ్వద్దు. తనకి సుగర్ ఉందిగా, అది డాక్టరు అడక్కపోయినా ముందే చెప్పమను. బాబుకి ఆరో ఏడు వస్తోంది కదా, పాలపళ్ళన్నిటికీ వెనక కొత్త దవడ పన్ను ఒకటి వస్తుంది, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు చాలామంది, అది జన్మంతా ఉండాల్సింది, దాన్ని చూపించు.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకోవడం లాంటివి చెయ్యకు, లోపల పుచ్చు అలాగే ఉంటుంది. వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, ఈ మూడిట్లో ఏదున్నా ఇవన్నీ పక్కన పెట్టి ఎవరు దొరికితే వాళ్ళ దగ్గరికి ఆ రోజే పరిగెత్తు, నా ఉపన్యాసం తర్వాత చదువుకోవచ్చు.

ఈ శనివారం క్లీనింగ్‌కి వెళ్ళి, వాళ్ళేదైనా కాగితం ఇస్తే ఫొటో తీసి పంపు, పంటి నంబర్లు కనపడేలా తియ్యి. జివ్వుమనేది ఏ వైపో కూడా రాయి.

మీ పెద్దమ్మ