ఇంటర్నల్ మెడిసిన్ నుంచి సైకియాట్రీకి మారవచ్చునా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. 2025 జూన్‌లో, శిక్షణకు వచ్చే వైద్యులకిచ్చే జె-1 వీసాపై అమెరికా వచ్చి, ఇంటర్నల్ మెడిసిన్ (పెద్దల సాధారణ వైద్యం) రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, మొదటి సంవత్సరం చేస్తున్నాను. ఒక నైట్ డ్యూటీలో, మద్యం హఠాత్తుగా మానేసినందువల్ల చేతులు వణుకుతున్న ఒక పెద్దాయన నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతే నేను పట్టుకుని తాగించాను. భార్య పోయిన నాటి నుంచి జరిగినదంతా ఆయన చెప్పుకొచ్చారు. పేజర్ మోగినా నాకు లేవబుద్ధి కాలేదు. సైకియాట్రీకి (మానసిక వైద్యానికి) మారాలని ఉంది. "ఇంత చదివి పిచ్చి డాక్టరువవుతావా" అని నాన్నగారు బాధపడుతున్నారు. ఇప్పటికే ఆలస్యమైందా?
- ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: ఆలస్యం కాలేదమ్మా, కాని మీ చేతిలో ఎక్కువ వ్యవధి కూడా లేదు. జె-1 వీసాపై ఉన్న వైద్యులు స్పెషాలిటీని ఒక్కసారే మార్చుకోగలరు, అది కూడా ఆ వీసాపై ప్రవేశించిన రెండేళ్లలోపే. మీకు ఆ గడువు 2027 జూన్‌తో తీరిపోతుంది. అందరిలా 2026 సెప్టెంబరులో దరఖాస్తు పెట్టి, మార్చిలో మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు) ఫలితం చూసుకుని, జులైలో చేరదామనుకుంటే చేరే రోజుకు గడువు దాటిపోతుంది. కనుక ఎవరైనా రెసిడెంటు మధ్యలో వెళ్లిపోగా ఖాళీ అయిన రెండవ సంవత్సరం సీట్ల కోసం ఇప్పటి నుంచే వెతకండి.

మీరు చేసిన ఏడాది వృథా పోదు. నాలుగేళ్ల సైకియాట్రీ శిక్షణలో కనీసం నాలుగు నెలలు ఇంటర్నల్ మెడిసిన్ వంటి ప్రాథమిక వైద్య విభాగాలలోను, రెండు నెలలు న్యూరాలజీలోను పనిచేయవలసి ఉంటుంది. అందుచేత ఇంటర్నల్ మెడిసిన్ ఏడాది పూర్తిచేసిన వారిని నేరుగా రెండవ సంవత్సరంలోకి తీసుకునే ప్రోగ్రాములున్నాయి. న్యూరాలజీ అక్కడ పూర్తి చేయవచ్చు. ఇందులో డబ్బు సంగతి కూడా ఒకటుంది, దానిని రెసిడెంట్లకు ఎవరూ విడమరచి చెప్పరు. రెసిడెంటు శిక్షణకు మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం) ఆసుపత్రికి ఇచ్చే ప్రత్యక్ష చెల్లింపు, మొదట చేరిన స్పెషాలిటీ కాలపరిమితి వరకే పూర్తిగా లెక్కకు వస్తుంది, ఆపైన సగమే. ఇంటర్నల్ మెడిసిన్‌కు ఆ పరిమితి మూడేళ్లు. మీరు రెండవ సంవత్సరంలో చేరితే చివరి ఏడాదికే ఆ కోత పడుతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే రెండేళ్లకు పడుతుంది. ఏ ప్రోగ్రామైనా ఈ కారణంగా వెనకాడితే దానిని మీ యోగ్యతపై తీర్పుగా తీసుకోకండి.

అయితే వీటన్నిటికన్నా ముందు మీ ప్రోగ్రాం డైరెక్టరుతో మాట్లాడండి. భయం సహజమే. కాని మిమ్మల్ని చేర్చుకునే చోటివారు మీ శిక్షణ వివరాలను, సామర్థ్యంపై మదింపును ఆయన దగ్గర నుంచే తెప్పించుకోవాలి కనుక దాచడం సాధ్యం కాదు. వేరొకరి నోట వినక ముందే మీరే చెప్పండి. ఈ ఏడాది చివరి రోజు వరకు డ్యూటీలకు లోటు రానివ్వనని కూడా చెప్పండి.

ఒక్క మాట కటువుగా అడుగుతాను. మీకు సైకియాట్రీ ఇష్టమా, లేక ఇంటర్నల్ మెడిసిన్‌లో అలసిపోయారా? ఆ పెద్దాయన తనంతట తానే మనసు విప్పారు. సైకియాట్రీ వార్డులో మీ ముఖం చూడనైనా ఇష్టపడనివారు, బలవంతాన చేర్పించబడినవారు ఉంటారు. వారి దగ్గర కూడా అంత ఓర్పుగా కూర్చోవాలి. వీలైతే ఎలెక్టివ్ (మీరే ఎంచుకునే విభాగంలో పనిచేసే అవకాశం) ఒక నెల అక్కడే చేయండి. ఆ నెల గడిచాక కూడా మనసు అటే లాగితే నాన్నగారికి ధైర్యంగా చెప్పగలరు. ఆయనకు నిబంధనలేవీ అక్కరలేదు, మీరు మాకు రాసిన ఆ రాత్రి సంగతి వివరంగా చెప్పండి.

ఇక కాగితాల పని. మీ ఆసుపత్రిలో జె-1 వైద్యుల వ్యవహారాలు చూసే అధికారిని ఈ వారంలోనే కలవండి. కొత్త స్పెషాలిటీ పేరుతో భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి మరో ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది ఢిల్లీ నుంచి రావాలి కనుక, సీటు ఖాయమైన రోజే దరఖాస్తు పంపించండి.