అంపైర్ గారిని అడగండి: లార్వుడ్ ఎందుకు క్షమాపణ చెప్పాలి?

1932–33లో ఇంగ్లండ్ జట్టు ఆస్ట్రేలియా వెళ్లి ఆడిన బాడీలైన్ సిరీస్ గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ హెరాల్డ్ లార్వుడ్ గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే.

ప్రశ్న: ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్లను ఒంటి మీద కొట్టిన బౌలర్‌ను మళ్లీ టెస్టుల్లోకి తీసుకోకపోతే అందులో అన్యాయమేముంది? మీరు లార్వుడ్‌ను వెనకేసుకొస్తున్నారు. — రిటైరైన లెక్కల మాస్టారు

అవును మాస్టారూ, వెనకేసుకొస్తున్నాను. ఎందుకో చెబుతాను, తర్వాత మీరే తేల్చండి.

1930లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ ఇంగ్లండ్ వచ్చి ఒక్క సిరీస్‌లో 974 పరుగులు కొట్టాడు. లార్వుడ్‌కు ఆ సిరీస్‌లో దక్కింది 4 వికెట్లు. రెండేళ్ల తర్వాత ఆస్ట్రేలియా వెళ్లే జట్టుకు డగ్లస్ జార్డిన్‌ను కెప్టెన్ చేశారు. బ్రాడ్‌మన్‌ను ఆపడం ఎలా అన్నదే ఆయన ధ్యాసంతా. బయలుదేరే ముందు లండన్‌లోని పికడిల్లీ హోటల్లో లార్వుడ్‌నూ, ఇంకో ఫాస్ట్ బౌలర్ బిల్ వోస్‌నూ, వాళ్ల కౌంటీ కెప్టెన్ ఆర్థర్ కార్‌నూ కూర్చోబెట్టి పథకం మాట్లాడాడు. షార్ట్ పిచ్ బంతి, అంటే బ్యాట్స్‌మన్‌కు దూరంగానే నేలకు తగిలి లేచే బంతి, ఒంటి మీదికి దూసుకురావాలి. లెగ్ సైడ్, అంటే బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు, దగ్గర్లో వరసగా ఫీల్డర్లు ఉంటారు. అడ్డం పెడితే వాళ్ల చేతికి క్యాచ్, హుక్ చేస్తే, అంటే అదే వైపుకు లాగి కొడితే, బౌండరీ దగ్గర ఇంకొకరు కాచుకుని ఉంటారు. బాడీలైన్ అంటే ఇదే. హెల్మెట్లు లేని రోజులు. ఇంగ్లండ్ 4–1తో సిరీస్ గెలిచింది. లార్వుడ్‌కు 33 వికెట్లు. బ్రాడ్‌మన్ సగటు 56కు దిగింది. ఇంకెవరికైనా అది పండగే, ఆయనకు మాత్రం కాదు.

మీరు కొట్టడం అంటున్నది అడిలైడ్ టెస్టు సంగతి. ఆస్ట్రేలియా ఆటగాళ్లలో వుడ్‌ఫుల్‌కు గుండె మీద తగిలింది, ఓల్డ్‌ఫీల్డ్‌కు పుర్రె చిట్లింది. ఆ రెండు బంతులూ మామూలు ఫీల్డింగ్ పెట్టుకుని వేసినవే. ఓల్డ్‌ఫీల్డ్ హుక్ చేయబోతే బ్యాట్ అంచుకు తగిలి తలకు వచ్చింది. తప్పు లార్వుడ్‌ది కాదని దెబ్బ తిన్నవాడే చెప్పాడు. వుడ్‌ఫుల్ విషయంలో మాత్రం నాకు మనసొప్పదు. ఆయన తేరుకుని మళ్లీ లార్వుడ్‌ను ఎదుర్కోబోయేసరికి ఫీల్డర్లను లెగ్ సైడ్‌కు మార్చేశారు. ఆ మార్చింది ఎవరు? కెప్టెన్.

ఇక అసలు విషయం. అప్పటి ఇంగ్లండ్‌లో క్రికెటర్లు రెండు తరగతులు. జీతం తీసుకోకుండా ఆడే పెద్దింటి వాళ్లు అమెచ్యూర్లు, జీతానికి ఆడేవాళ్లు ప్రొఫెషనల్స్. డ్రెస్సింగ్ రూములు వేరు, చాలాచోట్ల మైదానంలోకి దిగే గేట్లూ వేరు. జార్డిన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. లార్వుడ్ నాటింగ్‌హామ్‌షైర్‌లో నంకర్‌గేట్ అనే గని ఊళ్లో పుట్టి, పద్నాలుగేళ్లకే బొగ్గు గనిలో గుర్రాలతో పనికి దిగినవాడు. అదే జట్టులో గబ్బీ అలెన్ తాను బాడీలైన్ వేయనన్నాడు. అమెచ్యూర్ కాబట్టి చెల్లింది. ఐదు టెస్టులూ ఆడాడు, తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ కూడా అయ్యాడు. ఆ జట్టులోనే ఉన్న పటౌడీ నవాబు లెగ్ సైడ్ వలయంలో నిలబడనన్నాడు. ఆడిన తొలి టెస్టులోనే సెంచరీ కొట్టినా రెండో టెస్టు తర్వాత పక్కన పెట్టారు. నవాబు గారికే అలా జరిగితే, గని కార్మికుడు కాదనగలడా?

లార్వుడ్ మాత్రం తనను బలవంతపెట్టారని ఏనాడూ చెప్పుకోలేదు. జార్డిన్‌ను చివరిదాకా గౌరవించాడు. నాకు ఆయనంటే గురి కుదిరింది అందుకే.

1934లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ రావాల్సి ఉంది. రెండు బోర్డుల మధ్య సంబంధాలు చెడాయి, ఎవరో ఒకరు తలవంచాలి. నాటింగ్‌హామ్‌షైర్ క్లబ్ పెద్ద సర్ జూలియన్ కాన్, లార్వుడ్‌ను పిలిచి, నీ బౌలింగ్‌కు ఎంసీసీకి (అప్పట్లో ఇంగ్లండ్ క్రికెట్‌ను నడిపిన క్లబ్) క్షమాపణ చెప్పాలన్నాడు. కెప్టెన్ చెప్పినట్టు వేశాను, క్షమాపణ ఎందుకని లార్వుడ్ కుదరదన్నాడు. మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడలేదు. 21 టెస్టులు, 78 వికెట్లు, చివరి టెస్టు నాటికి వయసు 28. కౌంటీకి మాత్రం 1938 దాకా ఆడుతూనే ఉన్నాడు. ఆదేశమిచ్చిన కెప్టెనేమో బాడీలైన్ సిరీస్ తర్వాతి చలికాలమే జట్టును తీసుకుని ఇండియా టూర్‌కు వచ్చాడు. ఇది న్యాయమని ఒప్పుకోవడం నా వల్ల కాదు మాస్టారూ.

ప్రశ్న: లార్వుడ్ పెద్ద పొడగరి కాదట. అంత వేగం ఎలా వచ్చింది? — ఇంటర్ చదువుతున్న బౌలర్

నిజమే బాబూ, ఐదడుగుల ఎనిమిది అంగుళాలకు మించడు. గని పనితో భుజాలూ నడుమూ గట్టిపడ్డాయి. కానీ వేగమంతా కండ బలం వల్లే అనుకోకు. రనప్, అంటే బంతి వేయడానికి పరుగెత్తి వచ్చే తీరు చూడు. మెల్లగా మొదలై క్రమంగా వేగం అందుకుంటుంది. క్రీజు దగ్గర గెంతులు ఉండవు. చేయి నిటారుగా లేచి పూర్తిగా తిరుగుతుంది. ఆయన పరుగెత్తి వస్తుంటే అడుగుల చప్పుడే వినిపించేది కాదని చెబుతారు. అంపైరింగ్ చేసిన వాడిగా ఆ మాట విలువ నాకు తెలుసు. మామూలు ఫాస్ట్ బౌలర్ వెనకనుంచి వస్తుంటే బూట్ల మోత, ఆయాసం అన్నీ చెవిలో పడతాయి. చప్పుడు లేదంటే బలం ఎక్కడా వృథా కావడం లేదన్నమాట. పొట్టివాడు కాబట్టి బంతి మరీ పైకి లేచిపోకుండా జారుతూ పక్కటెముకల మీదికి వచ్చేది. పొడుగు లేదని దిగులు పడకు, రనప్ మీద పని చెయ్యి.

ప్రశ్న: ఆయన చివరికి ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాడని చదివాను. అంత తిట్టినవాళ్లు ఎలా రానిచ్చారు? — ఓ పాఠకురాలు

వాళ్ల కోపం ఆ పద్ధతి మీదమ్మా. సిడ్నీలో చివరి టెస్టులో నైట్ వాచ్‌మన్‌గా (రోజు ఆట చివర్లో అసలు బ్యాట్స్‌మన్‌ను కాపాడటానికి ముందుగా పంపే బౌలర్‌గా) వచ్చి లార్వుడ్ 98 కొట్టి ఔటైతే, అదే జనం చప్పట్లతో సాగనంపారు. ఆ టెస్టులోనే పాదంలో ఎముక విరిగింది. బ్రాడ్‌మన్ క్రీజులో ఉన్నంతసేపూ మైదానం వదలడానికి జార్డిన్ ఒప్పుకోలేదు. బ్రాడ్‌మన్ ఔటయ్యాక ఇద్దరూ కలిసే పెవిలియన్‌కు నడిచారు, ఒక్క మాట కూడా అనుకోకుండా.

యుద్ధం తర్వాత లార్వుడ్ బ్లాక్‌పూల్‌లో మిఠాయి కొట్టు పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన బంతుల్ని ఎదుర్కొన్న జాక్ ఫింగిల్టన్ 1948లో వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు, ఆస్ట్రేలియా రావడానికి సాయం చేశాడు. 1950లో భార్యతో, ఐదుగురు కూతుళ్లతో ఒరాంటెస్ ఓడ ఎక్కాడు. బాడీలైన్ జట్టు వెళ్లిందీ ఆ ఓడలోనే. సిడ్నీలో దిగాక హోటల్ ఖర్చులో సగం మాజీ ప్రధాని బెన్ చిఫ్లీ గుట్టుగా కట్టాడు. దెబ్బలు తిన్న దేశం ఇంత చేసింది. సొంత దేశం ఎంబీఈ బిరుదు ఇచ్చింది 1993లో, ఆయనకు 88 ఏళ్లొచ్చాక. 1995లో సిడ్నీలోనే పోయాడు.

ప్రశ్న: ఇప్పుడు అలా వేస్తే ఒప్పుకుంటారా? — డిగ్రీ విద్యార్థి

బౌన్సర్, అంటే భుజం పైకి లేచే షార్ట్ పిచ్ బంతి వేయొచ్చు, టెస్టుల్లో ఓవర్‌కు రెండు దాకా. ఆ ఫీల్డింగే కుదరదు. బంతి వేసే సమయానికి లెగ్ సైడ్‌లో క్రీజు గీతకు వెనకాల వికెట్ కీపర్ కాకుండా ఇద్దరికి మించి ఉండకూడదు. మూడోవాడు కనిపిస్తే నో బాల్. దాన్ని చూసుకోవాల్సిన పని ముఖ్యంగా స్క్వేర్ లెగ్ అంపైర్‌ది. మా రోజుల్లో అక్కడ నిలబడ్డ ప్రతిసారీ బంతి పడేలోపు తలలు లెక్కపెట్టుకునేవాళ్లం.