హైబ్రిడ్ బ్యాటరీ పోయిందన్నారా? ముందు బ్లాకుల లెక్క అడగండి

ప్రశ్న: మాది 2015 క్యామ్రీ హైబ్రిడ్ అండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఎండల్లో పిల్లల్ని తీసుకుని అరకు బయల్దేరితే అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు వెనక సీటు దగ్గర ఫ్యాను హోరుమని తిరిగింది, కాసేపటికి ఎర్ర ట్రయాంగిల్ లైటొచ్చింది. ఎలాగో వెనక్కి తెచ్చి షెడ్డులో చూపిస్తే పది నిమిషాల్లో బ్యాటరీ మొత్తం పోయింది, మార్చాల్సిందే అనేశారు. మా అబ్బాయేమో అంత డబ్బు పెట్టే బదులు వచ్చిన కాడికి అమ్మేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక రిటైర్డ్ టీచరు, ఎంవీపీ కాలనీ

జవాబు: మాస్టారూ, ముందు ఆ అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. బ్యాటరీ పోయి ఉండొచ్చు, నేను కాదనను, పదేళ్ళ బండి కదా. కానీ పది నిమిషాల్లో తేల్చే విషయం కాదది. ఎర్ర ట్రయాంగిల్ అంటే బ్యాటరీ ఒక్కటే కాదు, బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ని చల్లబరిచే నీళ్ళ పంపు ఆగిపోయినా అదే లైటొస్తుంది, ఆఖరికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినా డాష్‌బోర్డు మీద నానా లైట్లూ వెలుగుతాయి. బండి కంప్యూటరుకి స్కానర్ పెట్టినప్పుడు ఏ తప్పు కోడ్ వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. పీ0ఏ80 అని వస్తే బ్యాటరీ ప్యాక్ మీద అనుమానం గట్టిదే. వేరే నంబరొస్తే కథ వేరు.

ఆ కోడ్ వచ్చినా అక్కడితో ఆగకండి. మీ బండిలో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. లోపల 34 మాడ్యూల్స్, అంటే కొన్నేసి సెల్లులు కలిపి కట్టిన చిన్న పెట్టెలు ఉంటాయి, ఒక్కోటి 7.2 వోల్టులు, అన్నీ వరసగా కలిపితే 244.8 వోల్టులు. కంప్యూటరు వీటిని రెండేసి చొప్పున 17 బ్లాకులుగా చూస్తూ ఉంటుంది. మీరు అడగాల్సింది ఈ 17 బ్లాకుల రీడింగే, అదీ బండి నిలబెట్టి కాదు, రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు. మా బావగారి బండీ మీలాంటిదే, దాన్ని హనుమంతవాక నుంచి కైలాసగిరి వైపు ఎక్కిస్తూ పక్క సీట్లో కూర్చుని నేనే చూశాను, 16 బ్లాకులు 15 వోల్టుల దగ్గర నిలబడ్డాయి, ఒకటి మాత్రం తొక్కిన ప్రతిసారీ 13కి జారిపోయేది, కాలు తీస్తే మళ్ళీ లేచొచ్చేది. అలా ఒకటి రెండు బ్లాకులు ఒక వోల్టు కంటే ఎక్కువ వెనకబడితే అప్పుడు బ్యాటరీ గురించి మాట్లాడొచ్చు. అన్నీ కలిసి నడుస్తుంటే మాత్రం తప్పు ఇంకెక్కడో వెతకాలి.

ఇంకోటి, మీరు రాసిన ఫ్యాను హోరు నాకు చాలా ముఖ్యంగా కనపడింది. ఈ బ్యాటరీకి నీళ్ళ కూలింగ్ లేదు, కార్లో ఉన్న గాలినే వెనక సీటు దగ్గర జాలీలోంచి ఒక చిన్న ఫ్యాను లాక్కుని బ్యాటరీ మీదుగా పంపిస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ కరెంటు ఇస్తూనే ఉంటుంది, దిగేటప్పుడు బ్రేకుల్లోంచి వచ్చిన కరెంటు మళ్ళీ దాంట్లోకే పోతుంది, రెండు పక్కలా వేడే. పైన ఎండ, ఏసీ తగ్గించి అద్దాలు దించుకుని వెళ్ళి ఉంటే ఆ వేడి గాలే బ్యాటరీకీ. దానికి తోడు జాలీ మూసుకుపోతే ఇంకేముంది. బావగారి బండి వెనక సీటు విప్పి ఆ ఫ్యాను బయటికి తీస్తే దాని సన్నటి రెక్కల మధ్య బూడిద రంగు నూగు దూది వత్తుల్లా అతుక్కుపోయి ఉంది, వేలితో లాగితే చాపలా ఊడొచ్చింది, దాంట్లో ఆర్కే బీచ్ ఇసకా ఉంది, వాళ్ళ కుక్క వెంట్రుకలూ ఉన్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది పాపం, గాలి మాత్రం కదలట్లేదు. వేడి ఎంత పెరిగితే సెల్లు అంత తొందరగా ముసలిదైపోతుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నదానికంటే ఎంత వేడిలో తిరిగింది అన్నదే నేను ముందు అడుగుతాను.

మన విశాఖలో ఉప్పు గాలి సంగతి కూడా ఉంది. మాడ్యూల్స్‌ని కలిపే రాగి పట్టీల మీద పచ్చటి చిలుము పడుతుంది, దాంతో ఆ జాయింటు దగ్గర వోల్టేజీ తప్పుగా చూపిస్తుంది, కంప్యూటరు సెల్లు పోయిందనుకుంటుంది. ప్యాక్ విప్పినప్పుడు ఆ పట్టీలు శుభ్రం చేసి మళ్ళీ రీడింగ్ చూడమనండి. ఇదంతా తెలిసినవాళ్ళతోనే చేయించండి, మీరు గానీ మీ అబ్బాయి గానీ వీడియోలు చూసి విప్పొద్దు. ఆరెంజ్ రంగు వైర్లు కనపడితే అది ప్రాణాలు తీసే వోల్టేజీ. పెద్ద బ్యాటరీ కరెంటుని విడదీసే సర్వీస్ ప్లగ్ పీకాక కూడా లోపల మిగిలిన కరెంటు దిగేదాకా పది నిమిషాలు ఆగాలి, రబ్బరు గ్లౌజులు ఉండాలి.

ఇంక నిజంగానే పోయిందని తేలితే? ఒక్క మాడ్యూల్ మార్చేస్తాం, చవగ్గా అయిపోతుంది అంటారు కొందరు. బావగారు అదే చేయించారు, నేనూ సరే అన్నాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఏదో పాత ప్యాక్‌లోంచి తీసిన మాడ్యూల్ వేశారు, నాలుగు నెలలకి ఇంకో బ్లాకు జారింది, అదీ మార్చారు, మళ్ళీ దసరాకి ఇంకోటి. కారణం ఏంటంటే అన్నీ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి, ఒకటి పడిందంటే మిగతావీ ఆ దారిలోనే ఉన్నాయి, పైగా వేసినదాని కెపాసిటీ మిగతావాటికంటే తక్కువైతే అదే ముందు ఖాళీ అవుతుంది. మూడుసార్లు సీటు విప్పిన కూలీ కలిపితే కొత్త ప్యాక్‌కి ఎంత దగ్గరకొచ్చిందో చూసుకుని ఆయన తల పట్టుకున్నారు. అందుకని బండి ఇంకో ఐదారేళ్ళు వాడే ఉద్దేశం ఉంటే కొత్త ప్యాకే వేయించండి, షోరూంలో ఒకటి, బయట ఒకటి, రెండు చోట్ల ఎస్టిమేటు రాయించుకోండి, అందులో వారంటీ ఎన్నాళ్ళో, ఫ్యాను క్లీనింగ్ కలిసిందో లేదో ఉండాలి. ఫ్యాను కడక్కుండా కొత్త బ్యాటరీ పెట్టడం మాత్రం దండగ.

పదేళ్ళకే పోయిందా అని మీరు బాధపడొద్దు. ఫోన్ బ్యాటరీలా దీన్ని సున్నా నుంచి వందదాకా వాడరు, కంప్యూటరు సుమారు 40 నుంచి 80 శాతం మధ్యలోనే తిప్పుతుంది, అందుకే ఇన్నేళ్ళొస్తుంది. 2011లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు 2 లక్షల మైళ్ళు, అంటే మన లెక్కలో 3.2 లక్షల కిలోమీటర్లు దాటిన 2002 ప్రియస్‌ని పాత బ్యాటరీతోనే పరీక్షిస్తే మైలేజీ కొత్తదానికి దాదాపు సమానంగా వచ్చింది. మీ రీడింగులు వచ్చాక మళ్ళీ రాయండి, చూసి చెప్తాను.

ప్రశ్న: నేను షిప్‌లో పని చేస్తానన్నా, ఆరేసి నెలలు సముద్రం మీదే. 2023 హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇంటి ముందే ఉంటుంది, అమ్మకి డ్రైవింగ్ రాదు. పోయినసారి వచ్చేసరికి డోర్ కూడా తెరుచుకోలేదు. హైబ్రిడ్ బ్యాటరీ పాడైపోతుందా?
– గాజువాక

జవాబు: తమ్ముడూ, డోర్ తెరుచుకోలేదంటే దిగిపోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ, పెద్దది కాదు. లాకులు, కంప్యూటర్లు లేచేది చిన్నదాంతోనే, అది లేస్తేనే పెద్ద బ్యాటరీ కలుస్తుంది. అయితే పెద్దదీ ఊరికే ఆర్నెల్లు వదిలేస్తే మెల్లగా దిగుతుంది, పూర్తిగా దిగితే ఇంట్లో చార్జరుతో ఎక్కించేది కాదు. తెలిసినవాళ్ళని ఎవరినైనా పెట్టి పది పదిహేను రోజులకోసారి బండిని బయట రోడ్డు మీద డాష్‌బోర్డులో రెడీ లైటు వచ్చేదాకా ఆన్ చేయించి అరగంట ఉంచమను, వీలైతే ఎన్ఏడీ జంక్షన్ దాకా ఓసారి తిప్పితే ఇంకా మంచిది. నిలబెట్టి ఉంచితే గేరు పార్క్‌లోనే ఉండాలి, న్యూట్రల్‌లో పెడితే ఈ బండ్లలో పెద్ద బ్యాటరీ చార్జ్ అవ్వదు, ఇది చాలామందికి తెలీదు. ఇంజిన్ ఆగిపోయిందేంటని మధ్యలో ఆఫ్ చేసేస్తారేమో, అవసరమైనప్పుడు అదే స్టార్ట్ అవుతుందని అమ్మకి కూడా చెప్పి వెళ్ళు. రిమోట్ తాళం బండికి దూరంగా బీరువాలో పెట్టించు.

ప్రశ్న: మాది ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్. దీనికి కూడా లక్షల్లో బ్యాటరీ ఖర్చు వస్తుందని ఆఫీసులో భయపెడుతున్నారండి.
– ఒక ఉద్యోగిని, మధురవాడ

జవాబు: లేదమ్మా, మీది మైల్డ్ హైబ్రిడ్. మీ బండి కరెంటుతో ఒక్క అడుగు కూడా కదలదు, ఇంజిన్‌కి కాస్త చెయ్యి సాయం చేస్తుందంతే. దాని లిథియం బ్యాటరీ చిన్నది, క్యామ్రీ ప్యాక్‌తో పోలికే లేదు. ఆఫీసులో వాళ్ళు రెండూ ఒకటే అనుకుంటున్నారు.

ప్రశ్న: వాడిన హైబ్రిడ్ కొనాలనుకుంటున్నాను. బ్యాటరీ గురించి ఏం చూడాలి? మార్చిన పాత బ్యాటరీ స్క్రాప్‌కి ఇచ్చేయొచ్చా?
– సీతమ్మధార

జవాబు: టయోటా, హోండా ఈ మధ్య హైబ్రిడ్‌లకి బ్యాటరీ మీద 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. ఆర్సీలో తేదీ చూసి ఇంకా ఎంత మిగిలిందో లెక్కేసుకోండి, సర్వీస్ రికార్డు మొత్తం అడగండి, పైన మాస్టారికి చెప్పిన బ్లాకుల రీడింగ్ కొనకముందే తీయించండి, అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంటలో బురద చార ఉందేమో వేలు పెట్టి చూడండి, వానాకాలం నీళ్ళలో నిలబడిన బండి అయితే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

పాత ప్యాక్‌ని మాత్రం ఆటోనగర్‌లో తూకానికి వేయొద్దండి. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైకిల్‌కి పంపే బాధ్యత తయారుచేసినవాళ్ళది. కొత్తది బిగించిన చోటే పాతది అప్పజెప్పి, ఇచ్చినట్టు బిల్లు మీద రాయించుకోండి.