గోల్డ్‌స్టార్ హబ్ అని అమ్మారు, కొలిస్తే కాదు. డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటాను. పాత బీఎస్ఏ గోల్డ్‌స్టార్ మోటార్‌సైకిల్‌ని బాగుచేసుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 'గోల్డ్‌స్టార్ 190 ఎంఎం ముందు హబ్, ఒరిజినల్' అన్న ప్రకటన చూసి ఒకాయన దగ్గర 420 పౌండ్లకు కొన్నాను (హబ్ అంటే చక్రం మధ్యలో బ్రేక్ డ్రమ్ ఉండే భాగం). చేతికొచ్చి పది రోజులైంది. డ్రమ్ కొలిస్తే 178 ఎంఎం ఉంది. అడిగితే, 'నాకూ అలాగే చెప్పి అమ్మారు, చూసుకుని కొనాల్సింది' అంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, మీ కేసు గట్టిదే. 1979 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 13వ సెక్షన్ ప్రకారం, వర్ణన చూసి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. నాణ్యతకు పూచీ పడే 14వ సెక్షన్ వ్యాపారులకే గానీ, 13వది షెడ్‌లో పడి ఉన్న పార్టు అమ్ముకునే మామూలు మనిషికీ వర్తిస్తుంది.

'నాకూ తెలియదు' అన్న మాట ఆయన్ని కాపాడదు. బీల్ వర్సెస్ టేలర్ కేసులో (1967) '1961 ట్రయంఫ్ హెరాల్డ్' అని అమ్మిన కారు రెండు కార్ల సగాలను అతికించినదని తర్వాత బయటపడింది. ఆ సంగతి అమ్మినవాడికీ తెలియదు. కొన్నాయన కారు చూసే కొన్నాడు. అయినా అప్పీలు కోర్టు కొన్నాయన వైపే నిలిచింది.

మీరు జాగ్రత్తపడాల్సిన తీర్పు ఇంకొకటుంది. హార్లింగ్‌డన్ కేసులో, జర్మన్ చిత్రకారిణి గాబ్రియేలె మ్యుంటర్ గీసిందని కొన్న చిత్రం నకిలీ అని తేలింది. కొన్నవాళ్లు ఆ రంగం తెలిసిన డీలర్లు, అమ్మినవాళ్ల మాట కాక సొంత అంచనా నమ్మి కొన్నారని కోర్టు భావించి వాళ్ల దావా కొట్టేసింది. కాబట్టి కొనకముందు మీరు పంపిన మెసేజ్‌లు మళ్లీ చదవండి. 'ఈ హబ్‌లు నాకు బాగా తెలుసు' అని రాసి ఉంటే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. 'ఇది 190 ఎంఎందేనా?' అని అడిగి, 'అవును' అనిపించుకుని ఉంటే అదే మీకు పెద్ద బలం.

కొలత విషయంలో టెన్షన్ వద్దు. 178 ఎంఎం అంటే ఏడు అంగుళాల డ్రమ్. అరిగినా, లోపల చెక్కినా డ్రమ్ పెద్దదవుతుంది తప్ప చిన్నదవదు. వెర్నియర్ (కొలత పరికరం) పెట్టి ఫొటో తీయండి. స్పోకు రంధ్రాల లెక్క, బేరింగు నంబరు, పోత (కాస్టింగ్) మీది నంబరు కూడా రాసుకోండి. పోత నంబరును పార్టు నంబరు అనుకోవద్దు, రెండూ వేరు. బీఎస్ఏ ఓనర్స్ క్లబ్‌లో తెలిసినవారి దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. అమ్మినాయన్ని ఒప్పించడానికి అది పనికొస్తుంది. స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల దావాల విచారణలో) దాన్ని నిపుణుడి సాక్ష్యంగా వాడాలంటే మాత్రం కోర్టు అనుమతి కావాలి.

హబ్‌ను బ్లాస్టింగ్ చేయించకండి, పౌడర్ కోటింగ్ వేయించకండి, స్పోకులు బిగించకండి. అలా చేస్తే వస్తువును అంగీకరించినట్టు అవుతుంది. అప్పుడు తిరిగి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారమే మిగులుతుంది. తిరస్కరిస్తున్నానని ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి.

ఆయన మిగతా ప్రకటనలూ చూడండి. పార్టులు తరచూ అమ్ముతుంటే, వ్యాపారి కిందికి వస్తాడని వాదించవచ్చు. అది నిలబడితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు.

14 రోజుల గడువుతో నోటీసు పంపండి, ప్రకటన స్క్రీన్‌షాట్ జత చేయండి. స్పందించకపోతే ఆన్‌లైన్‌లోనే దావా వేయండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్‌లో నడుస్తుంది. ఆయన ఎదురు వాదిస్తే ముందుగా ఫోన్లో ఉచిత మధ్యవర్తిత్వం ఉంటుంది, 2024 మే నుంచి అది తప్పనిసరి. గెలిచినా లాయరు ఫీజు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి మీరే నడుపుకోవడం మేలు.


హబ్‌ను మీరే తిరిగి పంపనక్కర్లేదు, భద్రంగా ఉంచండి. 'ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లవచ్చు' అని మాత్రం నోటీసులో రాయండి.