శాటిలైట్ ఫొటోలతో ధ్రువాల మంచు ఎత్తు తెలుస్తుందా? తెలుస్తుంది, కానీ ముందు పక్కనున్న రాళ్లను చూడండి

మీరు అడిగినవి రెండు. అంతా తెల్లగా ఉండే ఫొటోలోంచి ఎత్తు ఎలా వస్తుంది? గ్రీన్‌లాండ్‌వి రెండు వేర్వేరు సంవత్సరాల డీఈఎంలు, అంటే ఎత్తుల మ్యాపులు, దించుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మంచు ఎంత తగ్గిందో వచ్చేస్తుందా?

పీజీ ప్రాజెక్టులో నేను సరిగ్గా ఈ తీసివేతే చేశాను. గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో ఒక హిమానీనదం, నాలుగేళ్ల తేడాతో రెండు డీఈఎంలు. మ్యాపంతా ఎర్రగా వచ్చింది, ఎరుపంటే తగ్గుదల. సంబరంగా స్క్రీన్‌షాట్ తీసి మా గైడ్‌కి పంపాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "పక్కనున్న కొండ కూడా మూడు మీటర్లు కరిగిందా?" చూస్తే నిజమే. మంచే లేని నల్లరాతి గుట్ట కూడా నా మ్యాపులో ఎర్రగానే ఉంది. కరిగింది మంచు కాదు, నా లెక్క.

ఇలా ఎందుకైందో తెలియాలంటే ముందు మీ మొదటి ప్రశ్నకు రావాలి. ఒకే చోటును శాటిలైట్ రెండు కోణాల నుంచి ఫొటో తీస్తుంది. ఎత్తుగా ఉన్నది రెండు ఫొటోల్లో ఎక్కువ జరిగినట్టు, పల్లంలో ఉన్నది తక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడునుంచే ఎత్తు లెక్కకడతారు. అయితే ఈ ఫొటోలోని ఫలానా చుక్క ఆ ఫొటోలో ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ పోల్చుకోగలగాలి, అందుకు మంచు మీద ఏదో ఒక గుర్తు కావాలి. ఆస్టర్ అనే శాటిలైట్ కెమెరా తీసిన పాత ఫొటోను నేను ఒకసారి పిక్సెల్ స్థాయికి జూమ్ చేశాను. వరసగా 255, 255, 255. అది 8 బిట్ల సెన్సార్, అంటే వెలుగును 0 నుంచి 255 దాకానే కొలవగలదు, మెరిసే మంచు మీద పూర్తిగా నిండిపోతుంది. అక్కడ పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి డీఈఎంలో గుంతలూ గుట్టలూ కల్పితంగా పుట్టుకొస్తాయి. వరల్డ్‌వ్యూ శాటిలైట్లవి 11 బిట్ల ఫొటోలు, వెలుగులో ఇంకా చిన్న తేడాలు కూడా పడతాయి, పిక్సెల్ అర మీటరు స్థాయిలో ఉంటుంది. గాలి మంచును చెక్కి గట్లుగట్లుగా చేస్తుంది, వాటిని సస్త్రూగి అంటారు. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు తీసిన ఫొటోల్లో ఆ గట్ల నీడలు చక్కగా పడతాయి, సాఫ్ట్‌వేర్‌కి అవే ఆధారం. మనం తెల్లటి బట్ట అనుకునేది దానికి నేత కనిపించే బట్ట అన్నమాట.

ఆర్కిటిక్‌కి ఆర్కిటిక్‌డెమ్, అంటార్కిటికాకి రెమా అనే డీఈఎంలు ఉన్నాయి, రెండూ ఇలా చేసినవే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పోలార్ జియోస్పేషియల్ సెంటర్, ఒహాయో స్టేట్ వాళ్లు కలిసి సూపర్ కంప్యూటర్ మీద నడిపారు. రెమా మొదటిసారి 2018లో 8 మీటర్ల గ్రిడ్‌తో, అంటే ప్రతి 8 మీటర్లకు ఒక ఎత్తుతో వచ్చింది. ఇప్పుడు రెండూ 2 మీటర్ల గ్రిడ్‌తో ఉచితంగా దొరుకుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నేను పడింది అందులోనే. రెండు ఫొటోలు కలిసి ఆకారాన్ని చక్కగా ఇస్తాయి. ఆ ఆకారం మొత్తంగా ఎంత ఎత్తులో కూర్చోవాలో మాత్రం సరిగ్గా చెప్పలేవు. ఆ క్షణంలో శాటిలైట్ ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నదాంట్లో చిన్న తేడా చాలు, డీఈఎం మొత్తం కొన్ని మీటర్లు పైకో కిందికో పక్కకో జరిగిపోతుంది. పక్కకు జరిగినా ఎత్తు చెడుతుంది. 20 డిగ్రీల వాలు మీద 5 మీటర్లు జరిగితే ఎత్తులో దాదాపు 1.8 మీటర్ల తప్పు. అదీ ఒకవైపు వాలు పెరిగినట్టు, ఎదురు వాలు తగ్గినట్టు. మీ తేడా మ్యాపులో కొండలకు ఒకపక్క నీలం, ఇంకోపక్క ఎరుపు కనిపిస్తే అది ఇదే.

మందు ఏమిటంటే, కరగని రాతినేల మీద రెండు డీఈఎంలనూ ముందు ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టాలి. నాసా వాళ్ల ఏమ్స్ స్టీరియో పైప్‌లైన్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ, ఎక్స్‌డెమ్ అనే పైథాన్ లైబ్రరీలోనూ ఈ సదుపాయం ఉంది. అది చేశాక నా మూడు మీటర్ల గుట్ట సున్నాకి దగ్గరగా వచ్చింది. హిమానీనదం మీద తగ్గుదల మిగిలింది గానీ, మొదట మురిసిపోయినంత లేదు.

రాయే కనపడని చోట, అంటే అంటార్కిటికాలో చాలాభాగం, లేజర్ కావాలి. 2018 సెప్టెంబరులో వెళ్లిన నాసా లేజర్ శాటిలైట్ ఐస్‌శాట్-2 ఆరు కిరణాలతో, సెకనుకు 10,000 సార్లు, దాదాపు 70 సెంటీమీటర్లకొక చోట ఎత్తు కొలుస్తూ పోతుంది. చదునైన మంచు మీద తప్పు కొన్ని సెంటీమీటర్లే. కాకపోతే అది గీతలు గీస్తుంది, బొమ్మ వేయదు. కిరణాల జతల మధ్య మూడు కిలోమీటర్లకు పైగా ఖాళీ. ఫొటో డీఈఎంని ఆ గీతల ఎత్తుకు సరిపెడితే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. రాడార్‌తో కొలిచిన ఎత్తులు కలిపేటప్పుడు జాగ్రత్త, పొడి మంచులో రాడార్ తరంగం కొంత లోపలికి దిగి అక్కడినుంచి తిరిగొస్తుంది.

ఇంకో దెబ్బ కూడా చెప్తాను, నవ్వుకోండి. అంటార్కిటికాలో సముద్రం మీద తేలే మంచుపలక రాస్ ఐస్ షెల్ఫ్ అంచు దగ్గర నాకు ఎత్తులు మైనస్‌లో వచ్చాయి. సముద్రం మీద తేలే మంచు సముద్రమట్టానికి కింద! ఫైలు పాడైందని రెండుసార్లు మళ్లీ దించాను. అసలు సంగతి, ఈ డీఈఎంల ఎత్తులు సముద్రమట్టం నుంచి కాదు, డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమికి బదులుగా లెక్క కోసం పెట్టుకున్న నున్నటి ఆకారం నుంచి. రాస్ దగ్గర సముద్రమట్టమే ఆ ఎలిప్సాయిడ్‌కి 50 మీటర్లకు పైగా కింద ఉంటుంది. ఈ తేడాను, అంటే జియాయిడ్ తేడాను, సరిచేస్తే అన్నీ దారికొచ్చాయి. తేలే మంచుకి సముద్రపు ఆటుపోట్ల ప్రభావం కూడా తీసేయాలి. నీళ్లపైన ఒక్క మీటరు తప్పయితే మందం లెక్కలో అది ఎనిమిది తొమ్మిది మీటర్లవుతుంది.

ఇక మీ గ్రీన్‌లాండ్ పని సంగతికొస్తే, మీరు దించింది మొజాయిక్, అంటే చాలా డీఈఎంలు అతికి చేసినది అయితే పక్కన పెట్టేయండి. అందులో వేర్వేరు తేదీల ఫొటోలు కలిసిపోయి ఉంటాయి, దానికి ఫలానా సంవత్సరం అని ఉండదు. స్ట్రిప్పులు, అంటే ఒక్కో ఫొటోల జత నుంచి విడిగా చేసిన డీఈఎంలు తీసుకోండి, ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. రెండూ ఒకే నెలవి చూసుకోండి, లేదంటే శీతాకాలపు మంచుపొర కూడా మీ లెక్కలో దూరుతుంది. తర్వాత తీసివేసి, మంచు కంటే ముందు రాళ్ల మీద తేడాకు హిస్టోగ్రామ్, అంటే ఏ తేడా ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టీల బొమ్మ, గీయండి. అది సున్నా చుట్టూ లేకపోతే మంచు మీద వచ్చిన అంకె ఇంకా ఎవరికీ పంపకండి.