పట్టాలు పోయినా లాంతరు రైల్వేదే

ప్రశ్న: మాది పాతపట్నం దగ్గర పల్లె. నౌపడ - గుణుపురం చిన్న రైలు నడిచిన పాత కట్ట పక్కనే మా పొలం. మొన్న గట్టు సరిచేస్తుంటే తుప్పుపట్టిన లాంతరొకటి దొరికింది. మూత మీద ‘బి.ఎన్.ఆర్.’ అని ఉంది, ఒక పక్క ఎర్ర గాజు. మా తాతగారు ఆ లైన్లో గ్యాంగ్‌మన్. ఇంట్లో గుర్తుగా ఉంచుకోవాలని ఆశ. ‘నిధి కింద వస్తుంది, ముప్పాతిక వాటా నీదే’ అని ఒకరు, ‘కేసవుతుంది’ అని మరొకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ ముప్పాతిక మాట మరిచిపోండి. 1878 నాటి నిధుల చట్టంలో ఆ వాటా ఉన్నమాట నిజమే కానీ, అది సొంతదారు ఎవరో తేలని సొత్తుకు. మీ లాంతరు మూత మీదే సొంతదారు పేరుంది. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే, అది 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1900లో మొదలైన మీ చిన్న రైలును 2004లో ఆపి బ్రాడ్‌గేజ్ వేశారు. రైలు ఆగినంత మాత్రాన దాని సామాను ఊరి సొత్తు అయిపోదు.

భయపడాల్సింది 1966 నాటి రైల్వే ఆస్తి చట్టానికి. దొంగ సొత్తని సహేతుకంగా అనుమానం వస్తే, సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు. అయితే దొరికిన వస్తువును కాపాడటానికో, సొంతదారుకు ఇవ్వడానికో తీసుకుంటే నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వివరణ చెబుతోంది. మీ ఉద్దేశం అదేనని కాగితం మీద కనపడాలి. అమ్మకానికి పెట్టారా, ఆ దారి మూసుకుపోయినట్టే.

దొరికిన చోటు, తేదీ, ఫొటోలతో డివిజనల్ రైల్వే మేనేజర్‌కు ఉత్తరం రాసి, రైల్వే రక్షక దళం పోస్టుకు కాపీ పంపండి. తాతగారి సంగతి కూడా రాయండి. ఉంచుకోవడానికి అనుమతి అడగండి. కుదరదంటే, 1977 నుంచి ఢిల్లీలో ఉన్న జాతీయ రైలు మ్యూజియం లాంటి చోట మీ ఊరి పేరుతో పెట్టమనండి. నన్నడిగితే రెండోదే మేలు.

చింతపండు పెట్టి తోమకండి. తుప్పుతో పాటు ఆ మూడక్షరాలూ పోతే చరిత్రా పోతుంది, మీ సాక్ష్యమూ పోతుంది. మట్టి దులిపి, పొడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఇంకేమైనా దొరుకుతాయేమోనని కట్ట తవ్వడం మాత్రం వద్దు. ఉత్తరం పంపిన స్పీడ్ పోస్టు రసీదును లాంతరుతో పాటే బీరువాలో పెట్టండి.